దుమ్ము పంపకాలు

ఎర్రగుంట్ల దాటి, రైలు గేటు అవతల
మట్టి రోడ్డు దిగితే దస్తగిరమ్మ మిద్దె.
మిద్దె మీద నా యంత్రం.
రాత్రింబగళ్లు గాలి పీల్చి
గాలిని వదిలేసి, దుమ్మును దాచుకుంటుంది.

పొద్దున ఆరింటికి పటకారుతో కాగితం తీస్తాను.
నిన్న కొత్త పంచెలా పెట్టింది
ఈ పొద్దు ఉలవకట్టు రంగు.
"ఏం పడింది పాపా?" అంటుంది ఆమె మెట్ల మీది నుంచి,
వల తీసేవాళ్లను అడిగినట్టు.

ఏం పడిందో కడపలో తూచి,
హైదరాబాదులో విప్పించి,
కంప్యూటర్లో పంచాలి.
నా ఉద్యోగం అదే, పంపకం.
ఈ రంగులో ఎవరి పాలెంత.

సిలికా, అల్యూమినియం చేయి చేయి పట్టుకొని వస్తే
బొగ్గు కాల్చి కరెంటు చేసే చోటి బూడిద.
మసి అయితే లారీలు.
చిక్కంతా కాల్షియం దగ్గర.
సిమెంటు బట్టీదీ సున్నపురాయే,
నాపరాయి కోసే రంపానిదీ సున్నపురాయే.
కవలల్లో బెల్లం తిన్నది ఎవడో
మూతులు చూసి చెప్పమన్నట్టు.

గాలిని అడిగాను.
ఆషాఢమంతా పడమట నుంచే వీచి
అది ఇద్దరి మీదా ఒకటే సాక్ష్యం చెప్పింది.
ఆఖరికి ఒక బుధవారం కరెంటు పోయింది.
పాలిష్ యూనిట్లన్నీ నోరు మూసుకున్నాయి,
బట్టీ మాత్రం మండుతూనే ఉంది.
యంత్రానికి లారీ బ్యాటరీ తగిలించి
ఆ ఒక్క కాగితం కోసం
మిద్దె మీదే పడుకున్నాను, దోమలకు నా పాలు ఇస్తూ.

తర్వాత మండలాఫీసులో మీటింగు.
గోడ మీద నా గుండ్రటి బొమ్మ, రంగురంగుల ముక్కలతో.
"మాది ఇంతుండదు మేడం, ఫిల్టరు సంచులు కొత్తవి వేసినాం."
"మాదంతా తడి పని. నీళ్లు పోసి కోస్తే దుమ్మెక్కడిది?"
"లారీలు మావి కావు, కాంట్రాక్టరువి."
మా నాయన పోయినప్పుడు
గెనిమ కాడ జానెడు నేలకు
మా అన్నలిద్దరూ జమ్మలమడుగు కోర్టు మెట్లు అరగదీశారు.
ఇక్కడ వారసులందరూ భాగం వద్దంటున్నారు.

ఆ మీటింగులో నేను గట్టిగా చదవని ముక్క ఒకటుంది.
పొటాషియం. కొద్దిగా, ప్రతి కాగితంలోనూ.
కట్టె కాలితే వచ్చేది.
పిట్టగోడ మీద నుంచి తల వంచి చూస్తే
నేరుగా కింద దస్తగిరమ్మ నీళ్ల పొయ్యి,
పక్కన కందికట్టె మోపు.

దాచబుద్ధి కాలేదు. చెప్పేశాను.
"నాకెంత రాసినావు?"
"నాలుగు."
"నూటికా?"
"నూటికి."
చాటలో బియ్యం ఒకసారి ఎగరేసింది.
"రాసుకో. నాదే కదా."
ఆ పట్టిక మొత్తంలో
ఒప్పుకున్న భాగం అదొక్కటే.

మళ్లీ ఎప్పటికో, రాళ్లు ఏరుతూనే:
"మా ఇంటాయన ఇరవై ఆరేండ్లు రంపం కాడ ఉండె.
అప్పుడు నీ మిసను లేదు, కాగితం లేదు.
ఆయన లోపల పడిందాంట్లో
ఎవురిదెంతో తేల్చగలవా?"
నా పట్టికలో దానికి గడి లేదు.
బియ్యంలోంచి నేనూ ఒక రాయి ఏరాను.

పుష్యమాసం వచ్చింది.
ఒక పొద్దున పొయ్యి చల్లగా ఉంది.
ఆమె చన్నీళ్లు పోసుకొని
తడి జుట్టుతో, పళ్లు కొట్టుకుంటూ
మెట్ల కాడికి వచ్చి నిలబడింది.
"తగ్గిందా పాపా?"

పటకారుతో కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను.
అదే ఉలవకట్టు.